జాజిరి లేని పున్నమి

హోలీ ఇప్పుడు పొద్దున ఎనిమిదింటికి మొదలై ఒంటిగంటకల్లా అయిపోతున్నది. ముందురోజు సాయంత్రం మా డిచ్‌పల్లి రోడ్డు మీద రంగుల ప్యాకెట్లు, ప్లాస్టిక్ పిచికారీలు అమ్మకానికి పెడతారు. తెల్లారి పోరగాండ్లు బండి మీద ముగ్గురేసి కూర్చొని కాసేపు హైవే దిక్కు, కాసేపు స్టేషన్ దిక్కు అరుచుకుంటూ తిరుగుతారు. ఎక్కడో ఒక దగ్గర డీజే పెట్టి ఊగుతారు. ఎండ ముదరంగనే ఇల్లు చేరి స్నానం చేసి, దిగిన ఫోటోలు అందరికీ పంపి పడుకుంటారు. దీన్ని పండుగ అనడానికి నాకు నోరు రాదు. మా రోజుల్లో, అంటే 1960లు, 70లలో, కాముని పున్నమి దాదాపు పది రోజుల ముచ్చట. రంగు చల్లుకునేది ఆఖరి పూట. అసలు సంబరమంతా దానికి ముందు రాత్రుల్లోనే ఉండేది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేది. ఫాల్గుణం వచ్చి నెలవంక నిండుతుంటే మా కాళ్లు ఇంట్లో నిలిచేవి కావు. రాత్రి బువ్వ తిని హనుమాండ్ల గుడి ముందర చేరేవాళ్లం. ఒక్కొక్కరి చేతిలో రెండు కోలలు. పెద్దపిల్లగాడు ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లం గొంతు కలిపేవాళ్లం. అదే జాజిరి. ఇంటింటి ముందర గుండ్రంగా తిరుగుతూ, కోలలు కొడుతూ, ఆ ఇంటావిడను పొగిడి, ఆ ఇంటి గుమ్మి నిండాలని దీవించి, ఇవ్వకపోతే నాలుగు ఎత్తిపొడుపు మాటలు కూడా పాటలోనే అనేసి నిలబడేవాళ్లం. సోలెడు జొన్నలు వచ్చేవి, దోసెడు మక్కలు వచ్చేవి, ఒక్కోసారి ఐదు పైసల బిళ్ల. పిసినారి ఇంటి ముందు పాట ఎక్కువసేపు సాగేది. ఆ ఇంటివాళ్లు కూడా లోపల నవ్వుకుంటూ కావాలనే ఆలస్యం చేసేవారని నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఆడపిల్లల జాజిరి వేరే ఉండేది. వాళ్ల పాటలు మావాటికంటే పొడుగు, మావాటికంటే బాగుండేవి. ఏ ఇంట్లో ఎవరికి పెండ్లి కుదిరింది, ఎవరి ఎద్దు చచ్చింది, ఏ వదినె అలిగి పుట్టింటికి పోయింది, అన్నీ అప్పటికప్పుడు పాటలోకి ఎక్కేవి. ఊరి సంగతి ఊరే వినేది.

ఇప్పుడు జాజిరికి పిల్లలను పంపమని అడిగితే తల్లులు ఒక మాట అంటున్నారు. "మా పిల్లలు ఇంటింటికి పోయి అడుక్కోవాలా?" అని. నాకు మండేది ఈ మాటకే. అది అడుక్కోవడం ఎట్లయింది? పటేలు కొడుకు, కోమటి కొడుకు, కుమ్మరి కొడుకు ఒకే గుంపులో నిలబడి అడిగేవాళ్లు. ఇంట్లో లేక కాదు. ఆ నాలుగు రాత్రులు ఎవరి గడప ముందైనా నిలబడి 'పెట్టు' అనే హక్కు పిల్లలకు ఉండేది, పెట్టే బాధ్యత పెద్దలకు ఉండేది. ఆ గింజలు అమ్మి వచ్చిన పైసలతో కాముడిని కాల్చే ఖర్చు వెళ్లేది. ఈ రోజు పండుగ ఖర్చుకు ఒక్కడు జేబులోంచి వెయ్యి రూపాయలు తీసి డీజేవాడికి ఇస్తున్నాడు. పెట్టింది ఒక్కడే కాబట్టి పండుగ కూడా వాడొక్కడిదే అయింది.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఆ గుంపులు వాడవాడకు వేరుగా ఉండేవి. మాదిగవాడ పిల్లలు మా గుంపులో ఉండేవాళ్లు కాదు, మేము ఆ వాడకు పోయేవాళ్లం కాదు. కాముడి దగ్గర డప్పు కొట్టేది వాళ్ల తండ్రులే. తెల్లవార్లు కొట్టినా వాళ్ల చేతిలో పడేది ఇంత గింజలే. ఈ విషయంలో ఇప్పటి పిల్లలే నయం. ఒకే బడిలో చదువుతారు, ఒకరి ముఖానికి ఒకరు రంగు పూసుకుంటారు. మళ్లీ జాజిరి మొదలైతే అన్ని వాడల పిల్లలు కలిసే గుంపుగానే మొదలు కావాలి.

ఇక కట్టెల దొంగతనం. కాముడికి కట్టెలు కొనడమంటే అప్పుడు ఊరంతటికీ తలవంపులు. దొంగిలించే తేవాలి. పున్నమికి నాలుగైదు రోజుల ముందునుంచి పెరట్లో కట్టెలమోపు, పిడకల కుప్ప, విరిగిన బండి గిర్ర, పాత తలుపు రెక్క, ఏది దొరికితే అది రాత్రిపూట మాయం. దానికీ ఓ పద్ధతి ఉండేది. నాగలి జోలికి, కాడి జోలికి పోవద్దు. ఒంటరి ముసలమ్మ కట్టెలు ముట్టొద్దు. ఒకసారి కాముడి కుప్ప మీద పడ్డ దాన్ని మళ్లీ ఎవరూ తీసుకపోవద్దు. పొద్దున యజమాని వచ్చి తన తలుపును కుప్పలో చూసి తిట్టేవాడే కాని చెయ్యి పెట్టేవాడు కాదు. ఊరంతా రాత్రి మేల్కొని తన కట్టెలు కాపలా కాసుకుంటూనే, పక్కింటి కట్టెలు పోతుంటే చూసీచూడనట్టు ఉండేది.

పున్నమి రాత్రి కుప్ప నడుమ ఆముదం చెట్టు నిలబెట్టి, పిడకల దండలు వేసి అంటించేవాళ్లు. శివుడి మూడో కంటికి మన్మథుడు బూడిదైన రాత్రి అది. మంట పైకి లేవగానే పోరగాండ్లందరం నోటి మీద అరచేత్తో కొట్టుకుంటూ బొబ్బలు పెట్టేవాళ్లం, చచ్చినవాడి కోసం ఏడ్చినట్టు. పొద్దున ఇంటికొకరు వచ్చి ఆ నిప్పు ఇంత తీసుకపోయి నీళ్లు కాగబెట్టుకునేవారు. బూడిద నుదుట రాసుకునేవారు. ఇప్పుడు గ్యాస్ పొయ్యిలు, గీజర్లు వచ్చాక ఆ నిప్పుతో పనేముంది!

రంగు మాట చెప్పకపోతే ఈ గోడు తీరదు. మా దిక్కు ఫాల్గుణంలో గుట్టల మీద మోదుగు చెట్లకు ఆకు ఒక్కటి ఉండదు, చెట్టు చెట్టంతా పూవే. గోగుపూలు అంటాం మేము. రామాలయం గుట్ట చుట్టుపక్కల, ఇందల్వాయి అడవి దిక్కు సంచులు పట్టుకొని పోయేవాళ్లం. పూవు తొడిమ నల్లగా, ముట్టుకుంటే మఖ్మల్ బట్టలా ఉంటుంది. ఆ తొడిమలు ఒలిచి, రెక్కలను నీడలో ఆరబెట్టి, పున్నమి ముందురోజు పెద్ద గంజులో నీళ్లు పోసి మరిగించాలి. తొందరపడి మంట ఎక్కువ పెడితే వాసన వస్తుంది కాని రంగు దిగదు. సన్నమంట మీద పొద్దుగూకే దాకా కాగితే నీళ్లు పసుపుగా మారుతాయి. అప్పుడు ఇంత సున్నం తేట కలిపితే కళ్ల ముందరే పసుపు కాస్తా కాషాయం అవుతుంది. మా అవ్వ కట్టెతో కలుపుతూ, ఓ చుక్క తన చీర కొంగుకు అంటించి చూసి, "ఇగ దింపుండ్రి బిడ్డా" అనేది. రాత్రంతా చల్లారబెట్టి, వడగట్టి, వెదురు పిచికారీల్లోకి ఎక్కించేవాళ్లం. ఆ రంగు బట్ట ఉతికితే లేతగా మిగిలేది, నెలరోజులు ఆ చొక్కా చూస్తే హోలీ ఆడినవాడని తెలిసేది.

ఇప్పుడు ప్యాకెట్లలో వచ్చే ఆ వెండి రంగు, ఆకుపచ్చ రంగు ఏమిటో, ఎక్కడ తయారైందో దాని మీద రాసి ఉండదు. పండుగ మర్నాడు కండ్ల డాక్టరు దగ్గర వరుస కట్టే పిల్లలను చూస్తే కడుపులో దేవినట్టు అవుతుంది. కోడిగుడ్లు, బండ్ల ఆయిలు పూసే అలవాటు ఎవరు నేర్పారో! గోగుపూలు మాత్రం ఇప్పటికీ పూస్తున్నాయి. తెలంగాణ విశ్వవిద్యాలయం దిక్కు పోయే తోవలో నిలబడి చూడండి, ఒక్క పూవు తెంపేవాడు లేడు.

నోటికి తీపి కూడా ఉండేది మా పున్నమికి. అమ్మమ్మ ఇంటి నుంచి చక్కెర పేర్లు, కుడుకల పేర్లు వచ్చేవి. చక్కెర పాకం చెక్క అచ్చుల్లో పోసి, నడుమ దారం పెట్టి, బిళ్లలు బిళ్లలుగా గట్టిపరిచిన దండ అది. మెడలో వేసుకొని, రంగులో తడుస్తూనే ఒక్కో బిళ్ల కొరుక్కుతినేవాళ్లం. బోధన్ చక్కెర బెల్టు పిల్లలకు చక్కెర పేరు అంటే మా సొంత సొత్తు అన్నంత గర్వం. 1937లో నిజాం జమానాలో బోధన్‌లో పెట్టిన షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఆసియాలోనే పెద్దదని మా బళ్లో సార్లు చెప్పేవారు. చెరుకు ఆడే కాలం చలి రోజుల్లో మొదలై ఎండలు ముదిరేదాకా సాగేది. అంటే కాముడు వచ్చేనాటికి రైతు చేతిలో చెరుకు పైసలు ఆడుతుండేవి, కూలివాడి చేతిలో కూలి ఆడుతుండేది. చెరుకు బండ్ల వరుస రోడ్డు పొడుగునా, పాకం వాసన గాలి నిండా. పండుగకు కావాల్సిన తిండి, తీరిక, పైసలు మూడూ ఒక్కసారే కూడేవి. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికలకూ వింటున్నాం. ఊళ్లో పండుగలు ఎందుకు చప్పబడ్డాయని అడిగేవాళ్లు ముందు ఆ గేటుకు వేసిన తాళం చూడాలి. చేతిలో పంట పైసలు లేనివాడి గడప ముందు జాజిరి పాడితే వాడేం పెడతాడు?

తండాల హోలీ మాత్రం ఇప్పటికీ నాకు ఊరట. మా దిక్కు లంబాడీలు కాముడిని రాత్రి కాదు, తెల్లవారుజామున కాలుస్తారు. పున్నమికి ముందునుంచే లెంగి అనే హోలీ పాటలు. కిందటి హోలీ తర్వాత పుట్టిన మగపిల్లగాడికి ఢూండ్ చేస్తారు. పిల్లగాడి నెత్తి మీదుగా కట్టె అడ్డంగా పట్టి, దాన్ని చిన్న కట్టెలతో తడుతూ దీవెన పాట పాడతారు. ఆ తర్వాత తీపి వంటకం ఉన్న గిన్నెను ఆడవాళ్లు కాపలా కాస్తారు, మగవాళ్లు ఎత్తుకపోవాలని చూస్తారు, ఆడవాళ్లు కట్టెలతో ఉతికి ఆరేస్తారు. ఏడాదంతా మొగుడి మాట పడే ఆడమనిషి ఆ ఒక్క పూట కట్టె పట్టుకొని నిలబడటం చూడాలి! అక్కడా డీజే దూరింది, నిజమే. కాని పాట తెలిసిన ముసలివాళ్లు ఇంకా ముందు నిలబడుతున్నారు, పిల్లలు వాళ్ల వెనక నిలబడుతున్నారు.

ఇక హున్సా. బోధన్ దాటి మంజీర దిక్కు పోతే వచ్చే ఊరు. హోలీనాడు అక్కడ ముందు కుస్తీలు, పొద్దుగూకంగ పిడిగుద్దులాట. హనుమాన్ గుడి దగ్గర రెండు గుంజలకు లావుపాటి తాడు కడతారు. ఊరు రెండు జట్లుగా చీలి అటూ ఇటూ నిలబడి, ఒక చేత్తో తాడు పట్టుకొని రెండో చేత్తో ఎదుటివాడిని గుద్దుతారు. కాసేపే ఆట. ఆపమనగానే ఆపి, కామదహనం బూడిద దెబ్బలకు రాసుకొని ఒకరినొకరు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆట ఆపితే ఊరికి అరిష్టమని వాళ్ల నమ్మకం. నూరేళ్లకు పైబడిన ఆచారం అంటారు. ఈ మధ్య పోలీసులు అనుమతి లేదన్నా జరుగుతూనే ఉంది. నేను పిడిగుద్దులను మెచ్చుకోను, పండ్లూడి, ముక్కు పగిలినవాళ్లు ఉంటారు. కాని అందులో ఒక సంగతి గమనించాలి. ఏడాది పొడుగునా గట్టు తగాదాలతో, నీళ్ల తగాదాలతో లోపల రగిలింది ఆ కాసేపట్లో పదిమంది ముందు బయటపడి, అక్కడికక్కడే కౌగిలింతతో తీరుతుంది. ఇప్పుడు ఆ రగిలింది ఎక్కడికి పోతున్నది? ఫోన్లో గ్రూపులకు ఎక్కుతున్నది, అక్కడ తాడూ లేదు, ఆపమనే పెద్దమనిషీ లేడు.

ఇట్లాంటి పండుగలు మన దగ్గరే ఉన్నాయనుకుంటే పొరపాటు. హంగరీ దేశంలో ఫర్షాంగ్ అని ఒక కాలం ఉంది. జనవరి 6న మొదలై, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే విభూది బుధవారం ముందురోజు దాకా నడుస్తుంది. ఉపవాసంలో మాంసం, కొవ్వు ముట్టొద్దనేది పాత నియమం కాబట్టి ముందే కడుపారా తినడం, నూనెలో దేవిన ఫాంక్ అనే తీపి బూరెలు, పెండ్లిళ్లు, ఆటలు, వేషాలు. దాన్యూబ్ నది ఒడ్డున మోహాచ్ అనే చిన్న పట్నంలో దీని ఆఖరి ఆరు రోజులు బుషోలు అనే వేషగాళ్ల రాజ్యం. గొర్రెతోలు అంగీ బొచ్చు బయటికి వచ్చేటట్టు తిరగేసి వేసుకొని, విల్లో చెట్టు చెక్కతో చెక్కిన కొమ్ముల మొఖాలు పెట్టుకొని, నడుముకు ఆవుల గంటలు కట్టుకొని, పడవల మీద నది దాటి వస్తారు. 1526 యుద్ధం తర్వాత వచ్చిన తురుష్కులను ఈ వేషాలతోనే భయపెట్టి తరిమామని అక్కడి షొకాత్స్ జనం చెప్పుకునే కథ. మంగళవారం సాయంత్రం ఊరి నడుమ పెద్ద మంట పెట్టి అందులో శవపేటిక కాలుస్తారు. ఆ పేటికలో చచ్చింది చలికాలం. మన కాముడి కుప్ప, వాళ్ల చలి పేటిక! శివరాత్రి అమావాస్య ముందర, ఆ మంగళవారం కూడా చాలా ఏండ్లు ఆ చుట్టుపక్కలే పడుతుంది. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న అయితే వాళ్ల ఆఖరి మంగళవారం మార్చి 4. చలి పోయేటప్పుడు మంట పెట్టాలని, అల్లరి చేయాలని అంత దూరంలో ఉన్న మనుషులకూ తోచింది.

వాళ్లు దాన్ని కాపాడుకున్నారు. మొఖాలు చెక్కే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కొత్త పిల్లలకు నేర్పుతున్నారు. 2009లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన జాజిరిని ఎవరు చేర్చాలి? 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలు అయ్యాయి, సంతోషం. ఎక్కడో లండన్లో కూడా మన ఆడపిల్లలు బతుకమ్మ ఆడుతున్నారంటే ఛాతీ పొంగుతుంది. జాజిరికి ఆ అదృష్టం పట్టలేదు. దానికి పూల అందం లేదు, వేదిక మీద పెడితే ఫోటోకు నిండుగా ఉండదు. పది మంది పోరలు, చేతిలో కోలలు, అంతే.

క్రైస్తవుల ఆ నలభై రోజుల ఉపవాస కాలం డిచ్‌పల్లికి కొత్త కాదు. రాజా నర్సాగౌడ్ సాయంతో, ఇసబెల్ కెర్ దొరసాని, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో ఇక్కడ కుష్ఠు ఆసుపత్రి మొదలుపెట్టారు. ఎక్కడెక్కడి రోగులో వచ్చి బాగై పోయారు. మెథడిస్టు మిషన్ వాళ్లతో శ్రమల దినాలనే ఆ ఉపవాసాలు వచ్చాయి కాని, ఫర్షాంగ్ లాంటి ఆటపాటల కాలం ఏదీ వెంట రాలేదు. మన పున్నమి సరిగ్గా ఆ ఉపవాసాల నడుమ పడుతుంది. 2025లో విభూది బుధవారం మార్చి 5, హోలీ మార్చి 14. ఆసుపత్రి కాంపౌండులో పనిచేసే ఒక ఆయన కొడుకు నాతో చదివేవాడు. ఆ ఇంటి ముందర మేము జాజిరి పాడితే, శుక్రవారాలు ఉపాసం ఉండే వాళ్లమ్మ గిన్నె నిండా బియ్యం తెచ్చి మా సంచిలో పోసేది. కొడుకు మాతోనే మరో గడపకు వచ్చేవాడు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, మమ్మల్నీ ఎవరూ అనలేదు. ఇప్పుడు అదే పని జరిగితే ఇటు నలుగురు, అటు నలుగురు లేచి పంచాయితీ పెడతారు. నాకు భయం వేసేది ఈ మార్పుకే.

పోవడమే మంచిదైనవి కూడా ఉన్నాయి. కాముడి రాత్రి తోవన పోయే ఆడవాళ్లను బూతులు తిట్టే అలవాటు అప్పుడు ఉండేది. పండుగ పేరు చెప్పి ఏదైనా చెల్లుతుందనుకునేవారు. అది పోయినందుకు బాధ లేదు. కాని దాని బదులు వచ్చిందేమిటి? మందు కలిపిన కల్లు, మత్తులో బండ్లు. హోలీ మర్నాడు పేపరు తెరిస్తే కాలువలో, చెరువులో స్నానానికి దిగి మునిగిన పిల్లల వార్త తరచూ కనపడుతుంది. మేమూ రంగు కడుక్కోను మోటబావికే పోయేవాళ్లం. వెంట ఈత వచ్చిన పెద్దవాళ్లు ఉండేవారు, ఏ మెట్టు దాకా దిగాలో చెప్పేవారు. ఇప్పుడు పెద్దవాళ్లు టీవీ ముందర, పిల్లలు కాలువ గట్టు మీద. ఆ పిల్లల తల్లుల మొఖాలు చూసినవాడు ఎవడూ ఈ మాట తేలిగ్గా తీసుకోడు.

ఊళ్లో కాముడు ఇప్పటికీ కాలుతున్నాడు. కట్టెలు అడితిలో కొంటున్నారు, ట్రాక్టరులో దింపుతున్నారు. పదింటికి అంటించి పదిన్నరకు ఎవరిండ్లకు వాళ్లు పోతున్నారు. పిల్లలను పదవతరగతి పరీక్షలని బయటికి రానివ్వరు. మాకూ పరీక్షలు ఉండేవి. జాజిరి పాడినవాళ్లలో నుంచే టీచర్లు, ఇంజనీర్లు, రైల్వే గార్డులు వచ్చారు.

జాజిరి పాటలు వచ్చిన అవ్వలు మా వాడలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉన్నారు. బిరుదురాజు రామరాజు గారు ఒకనాడు ఊరూరా తిరిగి జానపద గేయాలు సేకరించారు, అంత కష్టం మనకు అక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. ఈ ఫాల్గుణం వచ్చేలోపు మీ ఇంట్లో, మీ పక్కింట్లో డెబ్భై దాటిన అవ్వ ఉంటే ఆమె దగ్గర కూర్చొని, ఆమెకు గుర్తున్న జాజిరి పాటలు అడిగి రికార్డు చేయండి. చేసి మీ ఊరి బడిలో సారుకు ఇవ్వండి. పున్నమికి ముందు ఒక్క రాత్రయినా పిల్లలను కోలలిచ్చి వీధిలోకి పంపండి. మా గడపకు వస్తే దోసెడు జొన్నలు నేను పెడతాను.